ఒక డాక్టరమ్మను ముగ్గురిని చేశాను

కొన్నేళ్ళుగా నా నెత్తిన ఒక డాక్టరమ్మ కూర్చుని ఉంది. దించుదామంటే దిగదు. అన్నం తింటుంటే ఉంటుంది, అద్దంలో బొట్టు పెట్టుకుంటుంటే ఉంటుంది. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే నా బాధ. అని ఉంటే నేనూ ఒక మాట అనేసి చేతులు దులుపుకుని ఉండేదాన్ని. నేను చేసింది దొంగతనమా? ఏమో. ఎవరి ఇంట్లోనూ చెంబు కూడా పోలేదు. పోయింది ఒక మనిషి కష్టపడి చేసిన పని. పోగొట్టింది నేను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. ఆ ధైర్యం ఇంకా రాలేదు.

మాది పావగడ దగ్గర క్యాతగానచెర్లు, కన్నడ రాష్ట్రంలో తెలుగు మాట్లాడే ఊరు. మా పొలం సోలార్ కరెంటు పార్కు పలకల కిందికి పోయాక మా నాన్న నన్ను తుమకూరు పంపించి స్టాటిస్టిక్స్ చదివించాడు. చదువయ్యాక ఊరికి దూరంగా ఒక వైద్య కళాశాలలో, పరిశోధన విభాగంలో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. అక్కడి పెద్ద డాక్టరు మెదడు రక్తనాళాల జబ్బుల మీద పేరున్న మనిషి. పక్షవాతం, మెదడులో నెత్తురు గడ్డకట్టడం, నాళం చిట్లడం, ఇవన్నీ ఆయన రాజ్యం. ఆయన్ని సార్ అనే అంటాను, ఇంకేమన్నా అంటే నా నోరు పాడవుతుంది. ఈ జబ్బుల మీద ఎవరు రాసిందాన్ని ఎవరు ఎక్కువగా ఉదహరిస్తున్నారో, ఆ పోకడ ఏటేటా ఎలా మారుతోందో లెక్కగట్టి చూపాలని ఆయన కోరిక.

ఆ లెక్క మీకు అర్థం కావాలి, లేకపోతే నా తప్పు అర్థం కాదు. ఒక డాక్టరు పేపరు రాసేటప్పుడు, ఈ సంగతి ఫలానావాళ్ళు ముందే కనిపెట్టారని చివర్లో వాళ్ళ పేరు చెబుతాడు. దాన్ని సైటేషన్ అంటారు. ఎంతమంది నీ పేరు చెబితే నీకంత విలువ. సాఫ్ట్‌వేర్ ఆ పేర్లన్నీ పోగేసి, ఒక హద్దుకు తక్కువ వచ్చినవాళ్ళను పక్కన పడేస్తుంది. కానీ మన పేర్లు దానికేం తెలుసు? తెలిసిన మనిషి ఒకరు కూర్చుని, ఇదీ అదీ ఒకరే అని కలపాలి. ఆ కూర్చున్న మనిషిని నేను.

మన పేర్ల సంగతి మీకు తెలియనిది కాదు. తెలుగు ఇళ్ళలో ఊరి పేరో ఇంటిపేరో ముందు పెట్టుకుంటాం. కన్నడ బడిలో చేర్చేటప్పుడు మేష్ట్రు తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని వెనక తగిలిస్తాడు. పెళ్ళయితే మొగుడి పేరు వచ్చి దర్జాగా కూర్చుంటుంది. ఒక ఆడదానికి ఒక జన్మలో మూడు పేర్లు.

నిడుగల్లు వనజాక్షికి కూడా మూడే. మా వైపు సర్కారీ ఆసుపత్రిలో డాక్టరు ఆమె. పావగడ పల్లెల్లో పక్షవాతం వచ్చినవాళ్ళు ఆసుపత్రికి ఎందుకు ఆలస్యంగా వస్తున్నారో ఊరూరూ తిరిగి రాసింది. మూతి వంకరపోతే మా వాళ్ళు గాలి సోకిందంటారు. ముందు ఆకుపసరు పోసే ఆయన దగ్గరికి పరుగెత్తుతారు. ఆయన పసరు పోసి, ఉప్పు లేని పథ్యం చెప్పి పంపిస్తాడు. మెదడును కాపాడుకోవడానికి ఉన్న కాస్త సమయమూ అక్కడే అయిపోతుంది. డాక్టరమ్మ ఇది రాసి ఊరుకోలేదు. సోలార్ పార్కు ఊర్లలో ఆశా కార్యకర్తలను కూర్చోబెట్టి, మూతి చూడండి, చేతులెత్తమనండి, మాట తడబడితే పసరు జోలికి పోకుండా అంబులెన్సుకు ఫోన్ చెయ్యండి అని నేర్పడం మొదలుపెట్టింది.

చదువుకునే రోజుల్లో ఆమె ఊరి పేరు ముందు పెట్టుకుని రాసింది. ఉద్యోగంలో చేరాక తండ్రి పేరులోని అక్షరాన్ని వెనక తగిలించుకుని రాసింది. పెళ్ళయ్యాక మొగుడి పేరుతో రాసింది. సాఫ్ట్‌వేర్‌కు ఆమె ముగ్గురు ఆడవాళ్ళుగా కనిపించింది. విడివిడిగా ఆ ముగ్గురిలో ఎవరూ హద్దు దాటలేదు. కలిపితే మా ప్రాంతం నుంచి ముందు వరుసలో నిలబడేది ఆమే.

నేను కలిపాను. నిజంగానే మొదట కలిపాను. తీసుకెళ్ళి సార్‌కు చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. ఆయనకు పేరు తెచ్చిన పెద్ద పేపరులో సగం ఆమె కనిపెట్టిందేనని, ఆమె పేరు మాత్రం అందులో లేదని, దాని గురించి ఆమె ఒకసారి అందరి ముందూ నిలదీసిందని నాకు తర్వాత తెలిసింది. తర్వాత తెలిసిందని రాశాను చూడండి. అబద్ధం. అప్పటికే తెలుసు. ఆఫీసులో టీ ఇచ్చే ఆయనతో సహా అందరికీ తెలుసు. ఒప్పుకుంటానని కూర్చుని కూడా అబద్ధమే రాసే ఈ చేతిని ఏం చెయ్యాలి?

సార్ నన్ను గద్దించలేదు. ఎంతో మెత్తగా చెప్పాడు, సాఫ్ట్‌వేర్ ఇచ్చినదాన్ని మనం ముట్టుకుంటే పక్షపాతం అవుతుంది, ఎలా వచ్చిందో అలాగే వదిలెయ్యి అని. నన్ను పీహెచ్‌డీకి తీసుకుంటానన్నది కూడా ఆ రోజే. నేను గంగిరెద్దులా తలాడించాను. కలిపిన డాక్టరమ్మను మళ్ళీ విడదీశాను. మరి సార్ పేరు? ఆయన పేరు కూడా రకరకాలుగా అచ్చయి ఉంది. వాటన్నిటినీ వెతికి వెతికి, దగ్గరుండి ఒక్కచోట చేర్చింది నేనే. అప్పుడు పక్షపాతం ఎక్కడికి పోయింది? ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. ముందు ఆయన మీద. తర్వాత, అంతకంటే ఎక్కువగా, నా మీద. మా వైపు మనుషుల పేర్లు చూడగానే పోల్చుకోగలననే కదా నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది? సరిగ్గా అక్కడే కళ్ళు మూసుకున్నాను.

పేపరు అచ్చయింది. అందులో నా పేరూ ఉంది. పావగడ మెట్ట ప్రాంతం నుంచి చెప్పుకోదగ్గ పరిశోధన ఏదీ రాలేదని ఒక వాక్యం కూడా ఉంది. అది రాసింది నేనే. ఇంగ్లీషు బాగా కుదిరిందని సార్ మెచ్చుకుంటే సంతోషపడ్డాను కూడా.

కొన్నాళ్ళకు డాక్టరమ్మ ఫోన్ చేసింది. అంతకు ముందు ఎప్పుడూ మాట్లాడుకోలేదు మేము.

"పాపా, నువ్వు క్యాతగానచెర్లు దానివంట కదా?"

"అవును మేడం."

"మన ఊర్ల పిల్ల అని అడుగుతాండాను. నన్ను యాడ పెట్టినావు మ్మా దాంట్లో? ఎంత ఎతికినా కనపడల్యా."

"సాఫ్ట్‌వేర్ అట్ల చూపిచ్చింది మేడం. నా చేతిలో ఏం లేదు."

"ఎనకాల మీరు తీసేసిన పేర్ల పట్టీలో ముగ్గురుండారు. ముగ్గురూ నేనే. నీకు తెలీలేదా?"

"తెలీలేదు మేడం."

"సరే మ్మా, బాగా చదువుకో" అని పెట్టేసింది.

బాగా చదువుకో అంది! తిట్టి ఉంటే నాకు ఈ శిక్ష ఉండేది కాదు.

ఆశా కార్యకర్తల శిక్షణను పొడిగించాలా వద్దా అని కూర్చున్న కమిటీ మా పేపరును ముందు పెట్టుకుందట. ఆమె పనిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదని తేలిందట. తేలడమేమిటి, నేను తేల్చాను. శిక్షణ మధ్యలో ఆగిపోయింది. ఆమెను ఎటో బదిలీ చేశారు. అంతటితో అయిపోయిందా అంటే అదీ లేదు. పేపరు పూర్తిగా చదవకుండానే అందులో వాక్యం ఎత్తుకుపోయే మహానుభావులకు ఈ దేశంలో కొదవా? మా వాక్యాన్ని ఒకరు వాడుకున్నారు, ఆయన్ని చూసి ఇంకొకరు, వాళ్ళను చూసి మరొకరు. అందరూ గొప్ప చదువులు చదివినవాళ్ళే. ఒక్కరైనా పావగడ బస్సెక్కి వచ్చి, ఇక్కడ ఎవరైనా పని చేశారా అని అడిగారా? నా అబద్ధానికి సైటేషన్లు పెరుగుతూ పోయాయి.

ఇక మా చిన్నమ్మ సంగతి. రాయచెర్లులో ఉంటుంది. సోలార్ పలకల మధ్య గడ్డి కోసే కూలికి పోయేది. మహా నోరున్న మనిషి. ఆమె అందుకుందంటే మేస్త్రీ కూడా దారి తప్పుకుని పోయేవాడు. ఒక పొద్దున గడ్డి కోస్తుంటే కొడవలి చేతిలోంచి జారిపోయింది. మూతి ఒక పక్కకు పోయింది. తోటి ఆడవాళ్ళు పాపం మంచి మనసుతోనే, గాలి సోకిందని షేర్ ఆటో ఎక్కించి పసరు పోసే ఆయన దగ్గరికి తీసుకుపోయారు. ఆసుపత్రికి చేర్చింది మర్నాడు. బాగా ఆలస్యమైపోయిందన్నారు. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. ఆ ఊరి ఆశా కార్యకర్త నా దగ్గర ఏడ్చింది, తన వంతు రాకముందే డాక్టరమ్మ శిక్షణ ఆపేశారని, తనకు ఆ గుర్తులేవీ తెలియవని. ఆమె ముందు నేను ఏ మొహం పెట్టుకుని నిలబడ్డానో నాకే తెలియదు.

శిక్షణ జరిగి ఉంటే చిన్నమ్మ ఇవాళ మాట్లాడేదా? చెప్పలేను. ఒక్క మనిషి విషయంలో అలా లెక్క తేల్చకూడదని చదువుకున్నదాన్ని. ఆ చదువు చాటున చాలా రోజులు దాక్కున్నాను. ఏదో ఒకటి అడ్డం పెట్టుకుని దాక్కోవడం నాకు బాగా వచ్చు. ఇప్పుడు ఉద్యోగం లేదు, పీహెచ్‌డీ లేదు. అదేదో త్యాగమనుకునేరు, సార్ కాంట్రాక్టు పొడిగించలేదు, అంతే. చిన్నమ్మకు పిల్లల్లేరు. నేనే దగ్గరుండి చూసుకుంటున్నాను. ఊరంతా నన్ను బంగారమంటోంది. కూతురైనా ఇంత చెయ్యదంటోంది. ఆ మాట విన్నప్పుడల్లా బిందె పట్టుకుని నీళ్ళకు పోతాను.

మొన్న ఆమెకు తల దువ్వుతూ అంతా చెప్పేశాను. సార్ గురించి, మూడు పేర్ల గురించి, ఫోన్‌లో ఆడిన అబద్ధం గురించి, ఏదీ దాచలేదు. ఆమె కళ్ళు నా మీదే ఉన్నాయి. పెదవులు కదిలాయి. మాట రాలేదు. అర్థమైందో లేదో తెలియదు. జడ వేసి లేచాను, ఒళ్ళు తేలికైనట్టుంది. మధ్యాహ్నానికల్లా నా మీద నాకే అసహ్యం పుట్టింది. ఇన్నేళ్ళూ నోరు మెదపనిదాన్ని, తీరా ఒప్పుకోవడానికి ఎవర్ని ఏరుకున్నాను? తిరిగి ఒక్క మాట అనలేని మనిషిని. డాక్టరమ్మ నంబరు నా ఫోన్‌లో ఉంది. దానికి చెయ్యలేదు.

అందుకే ఇది మీకు రాస్తున్నాను. ఆ ముగ్గురూ ఒక్కరేనని నాకు తెలుసు. తెలిసే చేశాను. ఈ మాట రాశాక గుండె బరువు కాస్త దిగింది, కాదనను. క్షమించమని అడగడం లేదు, అది మీ చేతిలోనూ లేదు. కానీ మా చిన్నమ్మ నన్ను అనాల్సింది ఆమె నోట్లోనే ఆగిపోయింది. మీకు నోరుంది. మీరనండి.