నరేందర్‌కి కిటికీ సీటు

నరేందర్ జేబుల్లో ఎప్పుడు చూసినా అరడజను కర్చీఫులుంటాయి. అందులో ఒక్కటి కూడా ముఖం తుడుచుకోవడానికి కాదు, అన్నీ సీట్లు ఆపడానికే. చెమట పడితే చొక్కా చేతులకి తుడుచుకుంటాడు గానీ కర్చీఫు తీయడు, మాసిపోతుందని.

అతనూ నేనూ హైటెక్ సిటీలో ఒక కాలేజీలో శని, ఆదివారాలు నడిచే ఎం.బి.ఏ. క్లాసులో చేరాం. నా పేరు దేవిశ్రీ. పుట్టింది కాకినాడ, కాపురం చందానగర్, ఉద్యోగం సాఫ్ట్‌వేరు. నోటి దురుసు కాస్త ఎక్కువని మా ఆయనా మా ఆఫీసూ ఏకాభిప్రాయంతో ఉన్నారు. నరేందర్‌ది గోపన్‌పల్లి. నానక్‌రామ్‌గూడలో ఒక కంపెనీ భవనంలో ఏ టీముకి ఏ మీటింగు గది ఇవ్వాలో చూసే ఉద్యోగం. అంటే ఆఫీసులో కూడా జనానికి సీట్లు చూపించడమే. పైమెట్టు ఎక్కాలంటే ఎం.బి.ఏ. కావాలన్నారట, అందుకని చేరాడు.

మొదటి రోజు నేను క్లాసుకి వెళ్లేసరికి ఏసీ కింద ఉన్న వరసంతా కర్చీఫులు పరిచి ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. ఇదేమైనా పల్లెవెలుగు బస్సా అని గట్టిగానే అడిగాను. అతను లేచి నిలబడి, ఒక కర్చీఫు మడిచి తీసుకుని, "మీ అసుంటోళ్ల కోసమే ఆపిన మేడం, కూసోండి" అన్నాడు. అప్పటికి నా పేరు కూడా తెలియదు ఆ మనిషికి. ఇంకేం అంటాం, కూర్చున్నాను. ఆ తర్వాత రెండేళ్లూ అక్కడే కూర్చున్నాను, నోరు మూసుకుని.

ఈ అలవాటు ఎక్కడిదని ఒకసారి టీ తాగుతూ అడిగాను. వాళ్లమ్మ చంద్రమ్మ ఆకుకూరల గంప పెట్టుకుని చందానగర్ మార్కెట్టుకి పోయేదట. ఆ రోజుల్లో ఊరికి బస్సు ఎప్పుడో ఒకటి. అది వచ్చేసరికి ఊరంతా మీద పడేది. నెత్తిమీద గంపతో ఆవిడ ఆ తోపులాటలో ఎక్కలేకపోయేదట. చిన్నపిల్లాడైన నరేందర్ కిటికీలోంచి దూరి తువ్వాలు పరిచి కూర్చునేవాడు. అమ్మ మెల్లగా ఎక్కి కూర్చుని, గంప ఒళ్లో పెట్టుకుని ఒక్కసారి ఊపిరి వదిలేదట. ఆ ఊపిరి వినాలని రోజూ దూరేవాడినని చెప్పాడు. ఆ తర్వాత పక్కింటి వాళ్లకీ, ఎదురింటి వాళ్లకీ ఆపడం మొదలైంది. ఇప్పటికీ ఆగలేదు. తను మాత్రం నిలబడతాడు.

రెండో ఏడాది మా కాలేజీ వారు సింగపూరుకి విజ్ఞాన యాత్ర పెట్టారు. శుక్రవారం రాత్రి విమానం, సోమవారం పొద్దున్న ఆఫీసులో హాజరు. విజ్ఞానం కోసం ఒక కంపెనీలో గంటసేపు కూర్చోబెడతారు, తక్కిన యాత్రంతా మా ఇష్టం. బయల్దేరే సాయంత్రం కాలేజీ గేటు దగ్గర బస్సు ఆగి ఉంటే చంద్రమ్మగారు వచ్చారు. కొడుక్కి సకినాల డబ్బా ఇచ్చి, నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకున్నారు.

"బిడ్డా, వీడు బస్సెక్కితె అందర్ని కూసోవెట్టి ఆఖరికి తను నిలవడ్తడు. పరాయి దేశం పోతుండు. జర వీన్ని కిటికి పక్కపొంటి కూసోవెట్టు. కండ్లార సూసొచ్చి నాకు చెప్పాలె."

ఫొటోలు పంపిస్తాడు లెండి అన్నాను. ఫోనులో బొమ్మలు తనకి వద్దనీ, అవి ఊళ్లో ఎవరి ఫోను తెరిచినా కనబడతాయనీ, తన కొడుకు చూసింది తన కొడుకు నోటితో వినాలనీ అన్నారు. సరేనమ్మా, నాదీ పూచీ అన్నాను. కిటికీ పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టడం ఎంత పని అనుకున్నాను. నరేందర్ సంగతి నాకప్పటికి పూర్తిగా తెలియదు.

విమానంలో అతనికి అదృష్టవశాత్తూ కిటికీ సీటే వచ్చింది. నేను నా బెల్టు పెట్టుకుని తలెత్తి చూసేసరికి అక్కడ ఎవరో కొత్త పెళ్లికూతురు కూర్చుని ఉంది. మొగుడూ పెళ్లాలకి దూరం దూరంగా సీట్లు వచ్చాయట. మన మహానుభావుడు వెనకాల బాత్రూము పక్క సీటుకి తరలిపోయాడు.

అక్కడ దిగాక ఊరు తిప్పడానికి ఒక మినీ బస్సు మాట్లాడారు. నరేందర్ జేబులోంచి కర్చీఫులు తీసి దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చాడు. కిటికీలు తెరుచుకోవు. అది మా కోసమే మాట్లాడిన బస్సు, వేరే వాళ్లెవరూ ఎక్కరు అని యాత్రకి పెద్దగా ఉన్న ఆదర్శ్ చెప్పి చూశాడు. అయినా సరే, తలుపు తెరవగానే అందరికంటే ముందు ఎక్కి కర్చీఫులన్నీ పరిచేశాడు. ఆ డ్రైవరు పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూశాడు పాపం. అంతా చేసి మన నరేందర్ కూర్చున్నది ఎక్కడ? తలుపు పక్కన వెనక్కి తిరిగి ఉండే మడత సీటులో. అక్కడినుంచి చూస్తే మా మొహాలు తప్ప ఊరు కనబడదు. అతనికోసమని నేను పట్టుబట్టి ఖాళీ చేయించిన కిటికీ సీటుని, బస్సులో కడుపు తిప్పుతుందన్న హర్షిణికి ఇచ్చేశాడు. ఆ పిల్ల మా క్లాసులో అందరికంటే చిన్నది, కాదనలేకపోయాను.

ఆకాశమంత ఇనప చెట్లున్న తోటకి వెళ్లాం. సామాన్ల దగ్గర ఎవరో ఒకరు ఉండాలన్నారు. ఎవరో చెప్పాలా? నోట్లోంచి నీళ్లు చిమ్మే సింహం బొమ్మ దగ్గర మేమంతా ఫొటోలకి కొట్టుకుంటుంటే, అతను వీధి చివర ఐస్‌క్రీము వరసలో మా అందరి తరఫునా నిలబడ్డాడు. నాకు కోపం వచ్చి, అమ్మగారికి ఏం చెబుతారండీ, ఐస్‌క్రీము బండి ఎలా ఉందో చెబుతారా అని అడిగాను. రేపొకరోజు ఉంది కదా మేడం అని నవ్వాడు.

ఆ రేపు కూడా మధ్యాహ్నం దాకా వచ్చేసింది. భోజనానికి ఒక పెద్ద షెడ్డు లాంటి చోటికి వెళ్లాం. చుట్టూ తిండి కొట్లు, మధ్యలో బల్లలు, జాతర లాగా జనం. ఎక్కడా చోటు లేదు. ఒక మూల రెండు బల్లలు మాత్రం ఖాళీగా ఉన్నాయి. వాటిమీద ముక్కు తుడుచుకునే కాగితాల పొట్లాలు రెండు పడి ఉన్నాయి. ఎవరో పాపం మరిచిపోయారని నరేందర్ వాటిని భద్రంగా చొక్కా జేబులో పెట్టుకుని, బల్లల నిండా మన కర్చీఫులు పరిచాడు. మేమంతా మహారాజుల్లా కూర్చున్నాం.

కాసేపటికి ఒక ముసలావిడ పళ్లెంలో వేడివేడి నూడుల్స్ గిన్నె పెట్టుకుని వచ్చి మా బల్ల ముందు ఆగింది. మమ్మల్నీ, కర్చీఫులనీ, చివరికి నరేందర్ జేబులోంచి కనబడుతున్న పొట్లాన్నీ చూసింది. కేకలు వేయలేదు. అది నాది అని ఇంగ్లీషులో నెమ్మదిగా అంది. పక్క బల్లవాళ్లు ఆదర్శ్‌కి సంగతి చెప్పారు. ఇక్కడ జనం బల్లమీద కాగితాల పొట్లం పెట్టి వెళ్లి తిండి తెచ్చుకుంటారట. పొట్లం ఉందంటే ఆ సీటు ఒకరిది అని లెక్కట.

నేను పకపకా నవ్వేశాను. ఊరుకాని ఊళ్లో మీ కులస్థులు దొరికారు కదండీ, పరిచయం చేసుకోండి అన్నాను. నరేందర్ నవ్వలేదు. ముఖం పాలిపోయింది. మమ్మల్నందర్నీ లేపేసి, ఒక పొట్లం ఆవిడ ముందు, రెండోది పక్క బల్లమీద పెట్టి, రెండు చేతులూ జోడించాడు. ఆవిడ కొంచెం జరిగి, పక్కన కూర్చోమని బల్ల తట్టి చూపించింది కూడా. కూర్చోలేదు.

"ఒకరు ఆపుకున్న సీటు గుంజుకున్న మేడం. చిన్నప్పటిసంది గా పని చెయ్యలే" అన్నాడు నాతో.

నాకు నవ్వు ఆగిపోయింది. ఎందుకన్నానా ఆ మాట అని నొచ్చుకున్నాను. అతను కర్చీఫులన్నీ ఏరి, మడిచి, సంచిలో అడుగున పెట్టేశాడు. అన్నం నిలబడే తిన్నాడు.

ఇంక మిగిలింది సాయంత్రం నదిలో పడవ షికారు ఒక్కటే. అది దిగితే విమానాశ్రయమే. పడవ దగ్గర జనం కిటకిట. ముందు ఎక్కి కర్చీఫు వేసే నాథుడు లేక మావాళ్లు తలోదిక్కూ పడ్డారు. నరేందర్ గట్టుమీదే నిలబడి అందరూ ఎక్కారో లేదో తలలు లెక్కపెడుతున్నాడు. నాకు చంద్రమ్మగారి చెయ్యి గుర్తొచ్చింది. ఇద్దర్ని తోసుకుని లోపలికి దూరాను, నిజం, తోసుకునే దూరాను. నది వైపు కిటికీ పక్కన ఒక సీటు కనబడింది. పొద్దున్న కొన్న కాగితాల పొట్లం హ్యాండ్‌బ్యాగులోంచి తీసి దానిమీద పెట్టి, పక్క సీట్లో నేను కూర్చున్నాను.

ఇక చూడండి నా అవస్థ. ఒక పొడుగాటి మనిషి వచ్చాడు, మా మనిషి ఉన్నాడని చెప్పాను. కెమెరా మెళ్లో వేసుకున్న ఇంకొకావిడ వచ్చి నావైపు ఎగాదిగా చూసి వెళ్లింది. తర్వాత ఎవరు వచ్చినా కళ్లెత్తి చూడలేకపోయాను. ఈ పని ఈ మనిషి ఇన్నేళ్లుగా నవ్వుతూ ఎలా చేస్తున్నాడో నాకు అర్థం కాలేదు.

నరేందర్ అందరికంటే ఆఖరున ఎక్కాడు. ఖాళీ సీటు చూశాడు. దానిమీద పొట్లం చూశాడు. ఠక్కున ఆగిపోయి పక్కనున్న కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. అంతటితో ఊరుకున్నాడా? వెనకాల ఒక కుర్రాడు కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టి, ఎవరో ఉన్నారని తనే చెప్పి పంపేశాడు. తన సీటుకి తనే కాపలా. పడవ కదిలింది. అతను ఇంకా గట్టు వైపే చూస్తున్నాడు.

"ఎవరో పాపం ఎక్కలేకపోయినట్టున్నరు మేడం" అన్నాడు, బాధగా.

"నరేందర్ గారూ, ఆ సీటు మీదేనండి. నేనే ఆపాను. కూర్చోండి."

"నాకా?"

"మీకే. మీ అమ్మగారు చెప్పారు, నేను ఆపాను."

ఆ సీటుని అలా చూస్తూ కాసేపు నిలబడ్డాడు. తర్వాత పొట్లం తీసి నా చేతికిచ్చి, మెల్లగా కూర్చుని, ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలాడు. కాకినాడ నోరు కాబట్టి బయటపడలేదు గానీ, ఏడుపొచ్చింది. పడవ తిరిగి గట్టు చేరేదాకా అతను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. కళ్లు తడవడం గమనించి పొట్లంలోంచి ఒక కాగితం తీసిచ్చాను. తుడుచుకోలేదు. నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

చదువు పూర్తయ్యాక కాలేజీలో పట్టాలిచ్చే రోజున హాలు నిండిపోయింది. నేను ఆలస్యంగా వెళ్లాను, గచ్చిబౌలి ట్రాఫిక్ సంగతి తెలిసిందే. ఎక్కడ నిలబడాలా అని చూస్తుంటే ముందు వరసలోంచి చంద్రమ్మగారు చెయ్యి ఊపారు. తన పక్క కుర్చీలో తువ్వాలు పరిచి ఉంచారు. అది తీసి నన్ను కూర్చోబెట్టి, అసలు సంగతి అడిగారు.

"నది ఎట్లున్నది, బంగ్లాలెట్లున్నయి అని ఎంత అడిగినా ఒక్క ముక్క చెప్పలే బిడ్డా వాడు. ఇంట్ల కాలువెట్టంగనే 'అమ్మా, పడవల నాకు సీటు ఆపిన్రే' అన్నడు. ఇయ్యాల్టి దాంక గదే చెప్తుండు. నువ్వన్న చెప్పు, ఆ నది ఎట్లుండె?"

నిజానికి నేను ఆ నదిని చూడనేలేదు. పడవ తిరిగినంతసేపూ ఆవిడ కొడుకునే చూస్తూ కూర్చున్నాను. ఆ మాటే ఆవిడకి చెప్పాను.