వేళ్ళక్క వేరుచేసిన అరవై మొక్కలు

విత్తనాల పరిశోధన కేంద్రంలో అందరూ ఆమెను వేళ్ళక్క అనేవారు. మొక్కల వేళ్ళను చూసి పెట్టారో, ఆమె చేతివేళ్ళను చూసి పెట్టారో ఎవరికీ గుర్తులేదు. పద్దెనిమిదేళ్ళుగా ఆమె పని ఒకటే. కుండీలోంచి గోధుమ మొక్కను మట్టితో సహా తీసి, తొట్టెలో సన్నటి నీటిధార కింద పెట్టి, ఒక్క పోగైనా తెగకుండా వేళ్ళు కడగడం. ఇంట్లో మాత్రం ఆమె చేతిలో పడిన గాజు గ్లాసు రెండు నెలలు బతికితే గొప్ప. "ఆ గోధుమలకు చేసే మర్యాదలో పావు వంతు మన గ్లాసులకు చెయ్యవే తల్లీ!" అని దర్జీ భర్త దణ్ణం పెట్టేవాడు.

ఆ ఏడు కొత్తగా వచ్చిన ఆఫీసరు అరవై మొక్కలు పెంచాడు. సగం మామూలు మట్టిలో, సగం ఉప్పు కలిపిన మట్టిలో. మొక్కలకు కట్టే చీటీల మీద ఏది ఏ మట్టిదో రాస్తుంటే వేళ్ళక్క ఆగలేకపోయింది.

"పెన్సిలుతో రాయండి సార్. నీళ్ళకు చెరగదు."

"ఇది ఖరీదైన పెన్నమ్మా. వానలో కూడా చెరగదు."

వానలో సంగతి తెలియదు గానీ, తొట్టెలో మాత్రం అరగంటకే తెల్లజెండా ఎత్తింది. పైభాగాలు కోసి అప్పటికే తూకానికి పంపేశారు. మిగిలినవి అరవై వేరు కుచ్చులు, అరవై తెల్ల చీటీలు. మూడు నెలల కష్టం నీళ్ళపాలైందని ఆఫీసరు స్టూలు మీద కూలబడ్డాడు.

పెన్సిలు మాట ఎత్తకుండా ఉండడానికి వేళ్ళక్క చాలానే కష్టపడింది. ఒక్కో కుచ్చునూ ట్రేలో పరిచి, ఉప్పు మట్టివి ఒక వరస, మామూలు మట్టివి ఒక వరసగా పెట్టసాగింది.

"ఎలా చెప్తున్నావమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"ఇది చూడండి. హాయిగా బతికిన వేరు, పిల్లవేళ్ళతో అన్ని పక్కలకీ పాకింది. ఇదేమో పొట్టిగా ఉంది, పిల్లవేళ్ళు తక్కువ. ఉప్పు తగలగానే వంపు తిరిగింది, గిట్టనివాళ్ళు ఎదురైతే మనం సందులోకి మళ్ళినట్టు. తప్పించుకోలేని ఉప్పును ఆకులదాకా పోనివ్వకుండా చేతనైనంత తనే అడ్డుకుంటుంది."

ఆఫీసరు నమ్మలేదు. అన్నిట్లోంచీ చిన్న చిన్న ముక్కలు కత్తిరించి, ఉప్పెంత ఉందో కొలిచే గదికి పంపాడు. నాలుగో రోజు కాగితం వచ్చింది. యాభై తొమ్మిది సరిపోయాయి.

అందరూ చప్పట్లు కొడుతుంటే వేళ్ళక్క ముఖం ముడుచుకుంది. "ఆ ఒక్కటీ ఏది?" అని తీసి, తిప్పి తిప్పి చూసింది. కడగకుండా ఇంకా మూలనే ఉన్న కుండీలన్నిటినీ ఒక్కొక్కటిగా బోర్లించింది. ఒక్కదానికి అడుగు చిల్లు మూసుకుపోయి ఉంది. లోపల నీళ్ళు నిలిచి, పాపం ఈ వేరు ఊపిరాడక పొట్టిగా ఉండిపోయింది.

"ఉప్పు తిన్నావని నింద వేశాను, ఏమనుకోకే" అంది ఆ వేరుతో. అంతవరకూ ఆఫీసరు మాత్రం ఎవరికీ క్షమాపణ చెప్పలేదు.

మర్నాడు ఆయన చొక్కా చేతులు పైకి మడిచి తొట్టె దగ్గరికి వచ్చాడు. ఆ రోజు కడగాల్సిన మొదటి మొక్క పట్టుకోగానే పోగు పుటుక్కుమంది.

"లాగకండి సార్" అంది వేళ్ళక్క, కొంచెం పక్కకు జరిగి చోటిస్తూ. "మట్టిని నీళ్ళు తీస్తాయి. మీరు ఊరికే పట్టుకోండి."