మాట రాని మనిషిని అడగడం

బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాక, ప్రొద్దుటూరులోని ఒక ఆసుపత్రి వాళ్లు నన్ను తమ ఎథిక్స్ కమిటీలో కూర్చోమన్నారు. మనుషుల మీద ఏ పరిశోధన చేయాలన్నా ముందు ఆ కమిటీ ఒప్పుకోవాలి. డాక్టర్లు కానివాళ్లూ అందులో ఉండాలట.

ఒకసారి పులివెందుల వైపు కుర్ర డాక్టరొకాయన, పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ల మెదడును ఎమ్మారై మెషిన్లో ఫొటోలు తీసి పరిశీలిస్తానని వచ్చాడు.

"మెషిన్ లోపల భయమేస్తే ఆపమని ఎట్లా చెప్తారు?" అని అడిగాను.

నొక్కితే బయట మోగే రబ్బరు బుడ్డ చేతికిస్తామన్నాడు. అది పనిచేసే చేతికే ఇవ్వాలనీ, ఇంటివాళ్ల సంతకంతో సరిపెట్టక రోగినే అడగాలనీ కమిటీ షరతు పెట్టింది. మొదటి రోజు చూసి రమ్మని నన్ను పంపింది.

ఆరోజు వచ్చినాయన జమ్మలమడుగులో దర్జీ. వెంట భార్య ఉంది. డాక్టరు ఆయన ముందు గొంతుక్కూర్చుని నెమ్మదిగా చెప్పాడు.

"మామా, ఇది వైద్యం కాదు. దీంతో నీకు మాట రాదు. మేం నేర్చుకునేదానికి చేస్తాండాం. వద్దంటే వద్దు. నీ మందులేం ఆగవు."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఇంత దూరం వచ్చి ఇదేంది?" ఆమె నొచ్చుకుంది.

"పోనీలేమ్మా, ఆయన ఇష్టం" అంటూ డాక్టరు లేచాడు.

అప్పుడాయన ఎడమచేత్తో భార్య కొంగు పట్టుకుని, మెషిన్ గదిని చూపించాడు. మళ్లీ ఆమెను చూపించాడు.

"నేనూ రావల్లనా?" అందామె.

ఆయన తలూపాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ మెషిన్ పెద్ద అయస్కాంతం కాబట్టి, ఆమె ఒంట్లోనూ ఇనుప ముక్కలేవీ లేవని విచారించి డాక్టరు సరేనన్నాడు. ఆమె కమ్మలు, పిన్నులు తీసి నా చేతిలో పెట్టింది. ఇద్దరికీ చెవుల్లో దూది బిరడాలు పెట్టారు. మెషిన్ దడదడలాడుతున్నంతసేపూ ఆమె ఆయన పాదాలు రెండు చేతులతో పట్టుకుని కూర్చోవడం అద్దాల కిటికీలోంచి నాకు కనిపించింది. ఆయన ఎడమచేతిలోని బుడ్డ నొక్కలేదు.

బయటికొచ్చాక ఆమె డాక్టరును పక్కకు పిలిచింది.

"లోపల మాటలు ఉండాయా సారూ?"

"ఈ ఫొటోల్లో అది తెలీదమ్మా. మేం నేర్చుకునేదానికేనని ముందే చెప్పినా కదా."

"చెప్పినావు లేప్పా. ఊరికే అడిగినా" అని నవ్వి, భర్త భుజం కిందికి చెయ్యి పోనిచ్చి లేపింది.

కావాలన్నవాళ్లకు ఇంటిమనిషిని పక్కన ఉండనివ్వాలని తర్వాతి మీటింగులో షరతు చేర్చాం. ఎవరూ అడ్డు చెప్పలేదు.