లాయరమ్మ చెంపదెబ్బ

తాగుడు మానుతున్న తండ్రి, అతన్ని కొట్టి దారిలో పెట్టే లాయరు కూతురు ఉన్న టీవీ కామెడీ సీరియల్‌కి చెంపదెబ్బల చప్పుళ్లు మా పిన్నివి. ఇంట్లోనే తడి తోలును చెక్కతో బాది రికార్డు చేసేది.

ఆమె మొగుడు మాత్రం తాగుడు మానలేదు. తాగొచ్చి పిన్నిని గొడ్డును బాదినట్టు బాదేవాడు. ఆ దెబ్బలు విన్నా ఇరుగుపొరుగు, “లాయరమ్మ మళ్లీ ఎవర్నో వాయిస్తోంది,” అని నవ్వుకునేవాళ్లు.

ఒక సాయంత్రం అతను ఆమె తలను గోడకేసి కొట్టాడు. రక్తం కళ్లలోకి కారుతుండగా పిన్ని ఆ చెక్క అందుకుంది. అతని పళ్లు రాలాయి.

“చంపేస్తోంది! ఎవరైనా రండర్రా!” అని అరిచాడు.

పక్కింటావిడ కిటికీలోంచి మెచ్చుకుంది. “ఆ మగ గొంతెవరిదే? అచ్చం నిజంలా ఉంది!”

“కొత్త నటుడక్కా. ఇంకో టేకుంది,” అంటూ పిన్ని మళ్లీ చెక్క ఎత్తింది.