మాస్టారి కారులో నాలుగో గొంతు

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఇది జరగకముందు లేదు, జరిగాక కూడా లేదు. ఎలక్ట్రానిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఏదైనా పరికరం వింత శబ్దం చేస్తోందంటే నేను ముందు ఎర్త్ చూస్తాను, తర్వాత జాక్, ఆ తర్వాత వైరు. ఇప్పటిదాకా నా దగ్గరికి వచ్చిన వింతలన్నీ ఈ మూడింటిలో ఎక్కడో ఒకచోట దొరికిపోయాయి. ఒక్కటి తప్ప.

తార్నాకలో నేను అద్దెకుండే గది దేవదానం మాస్టారి ఇంటి మేడ మీద ఉంది. అక్కణ్నుంచి యూనివర్సిటీకి నడిచే వెళ్తాను. మాస్టారు వాళ్ళది తెనాలి వైపు. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాక, చర్చిలో పాటల బృందాన్ని నడిపేవారు. ఆయన భార్యను వీధిలో అందరం టీచరమ్మ అంటాం. కూతురు బ్యూలా అక్క హబ్సిగూడలో టీచరుగా పనిచేస్తోంది.

మాస్టారి పద్ధతి ఒకటి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. వాళ్ళ చర్చిలో పాటను నాలుగు గొంతుల్లో పాడతారు. ఆడవాళ్ళు సొప్రానో, ఆల్టో. మగవాళ్ళు టెనార్, అన్నిటికంటే కింద బేస్. నాలుగూ వేర్వేరు స్వరాలు, కలిస్తేనే పాట. బృందంలో స్వరలిపి చదవగలిగినవాళ్ళు తక్కువ, ప్రాక్టీసుకు తీరికున్నవాళ్ళు ఇంకా తక్కువ. అందుకని మాస్టారు ఒక్కో స్వరాన్నీ తానే పాడి, చిన్న ఎంపీత్రీ ప్లేయర్‌లో విడివిడిగా రికార్డు చేసేవారు. ఆదివారాలు తన పాత కారులో జనాన్ని తీసుకొచ్చేటప్పుడు గొంతును బట్టి ఎక్కించుకునేవారు. ముందు గోల్నాక వెళ్ళి ఆల్టో పాడేవాళ్ళను, తర్వాత ముషీరాబాద్ వెళ్ళి బేస్ పాడేవాళ్ళను. చర్చికి చేరేలోపు వాళ్ళ స్వరం వాళ్ళ నోటికి వచ్చేసేది.

ఈస్టర్ కోసం ఆయన సొంతంగా ఒక పాట కట్టారు. మూడు స్వరాలు రికార్డు చేశారు. బేస్ చేయలేదు. ఆయనది బేస్ గొంతే, సులువుగా అయిపోతుందని ఆఖరున పెట్టుకున్నారు. ఈలోగా ఒక మధ్యాహ్నం పడుకున్నవారు లేవలేదు.

స్వరాలను కాగితం మీద పెట్టే అలవాటు ఆయనకు లేదు. చర్చి పెద్దలు కీబోర్డు పెట్టుకుని అందరూ ఒకే స్వరంలో పాడేయమన్నారు. ఆయన తర్వాత బృందాన్ని నడిపిస్తున్న బ్యూలా అక్క ఒప్పుకోలేదు.

"నాన్న కట్టింది నాలుగు గొంతుల పాట. గొంతు తగ్గించి పాడేట్టయితే నేను ముందు నిలబడను," అంది.

చివరికి వచ్చే ఆదివారం ప్రాక్టీసు దాకా గడువిచ్చారు. అప్పటికి బేస్ కుదరకపోతే ఈస్టర్‌కు వేరే పాట. అలా అయితే మాస్టారి పాట ఇక ఎప్పుడూ బయటికి రాదని ఆమెకు తెలుసు. అందుకే నా గదికి వచ్చింది. ప్లేయర్‌ను కారు స్టీరియోకు కలిపి ఇస్తే, బేస్ పాడే జాషువా అన్నకు మిగతా స్వరాలు వినిపిస్తుందట. ఆ కారులోనే నాన్న పక్కన ఏళ్ళ తరబడి పాడినవాడు కాబట్టి ఏదో ఒకటి అందుకుంటాడని ఆశ.

ప్లేయర్‌లోని పాటను కారు రేడియోకు పంపడానికి మాస్టారు వాడిన ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ పాడైపోయింది. కొత్తది కొన్నా ఈ ఊళ్ళో ఖాళీ ఫ్రీక్వెన్సీ దొరకడం కష్టం. ప్లేయర్‌కు బ్లూటూత్ లేదు. స్టీరియో మార్చేద్దామంటే టీచరమ్మ ఆయన చెయ్యి పడిన వస్తువు తీయొద్దన్నారు. ఇక మిగిలింది క్యాసెట్ అడాప్టర్. చూడ్డానికి క్యాసెట్టే, లోపల టేపు ఉండదు. చిన్న హెడ్ ఒకటి ఉంటుంది. దాని వైరును ప్లేయర్‌కు గుచ్చితే స్టీరియో తనలో క్యాసెట్ తిరుగుతోందనుకుంటుంది. కోఠిలో వెతికి తెచ్చాను.

పెట్టగానే పాట వచ్చింది. ఇంజన్ నడుస్తుంటే మాత్రం సన్నని కూత కూడా వచ్చింది. ఇంజన్ ఆపేసి బ్యాటరీ మీద వినమన్నాను. వీధిలో హారన్ల మోత కాబట్టి శనివారం పొద్దున కారును యూనివర్సిటీ లోపలికి తీసుకెళ్ళి, సెలవురోజు మనుషులు తిరగని ఒక రోడ్డు మీద చెట్ల కింద ఆపాను. ముందు సీట్లో నా పక్కన బ్యూలా అక్క. వెనక టీచరమ్మ, జాషువా అన్న. ఆయన ముషీరాబాద్‌లో పుట్టి పెరిగినవాడు, ఒక ఆఫీసులో క్లర్కు. దారి పొడుగునా బ్యూలా అక్కను ఆటపట్టిస్తూనే ఉన్నాడు. మీ నాన్న అయితే ఈపాటికి నన్ను రెండుసార్లు తిట్టేటోడు, నువ్వేమో టీచరై ఉండి ఒక్కసారి కూడా తిట్టవేంది అని.

కూత పూర్తిగా పోయిందో లేదో ఇంటికెళ్ళి చూద్దామని నా ఫోన్‌లో రికార్డింగ్ మొదలుపెట్టి డ్యాష్‌బోర్డు మీద ఉంచాను. టెనార్ ఫైలు పెట్టాను.

మాస్టారి గొంతు వచ్చింది. రెండో చరణంలో అనుకుంటా, టీచరమ్మ ముందుకు వంగారు.

"బాబూ, ఆ కింద పాడేది అంత దూరంగా వినబడతందేంటి? కాస్త పెంచు."

పెంచాను. టెనార్ వెనక, దానికంటే బాగా కింద, ఇంకో గొంతు ఉంది. అదీ ఆయనదే. వేరే స్వరం పాడుతోంది.

"తమ్ముడూ, బేస్ లేదన్నరు గద?" అన్నాడు జాషువా అన్న. ఈసారి వేళాకోళం లేదు.

బ్యూలా అక్క నావైపు చూసింది. నేను స్టీరియో వైపు చూశాను. నా అనుమానం జాక్ మీదికి వెళ్ళింది. సగమే దిగితే ఎర్త్ అందక శబ్దాలు చిత్రంగా మారతాయి. నొక్కి చూశాను, పూర్తిగానే దిగి ఉంది. పాట అయిపోగానే మళ్ళీ మొదటినుంచి పెట్టాను. ఈసారి జాషువా అన్న కలిసి పాడాడు. ఒకచోట తప్పాడు. ఆయన పైకి వెళ్ళాడు, స్టీరియోలోని గొంతు కిందికి వెళ్ళింది. మూడోసారి సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి ఆ గొంతు పెద్దదైంది. వాల్యూమ్ నేను ముట్టుకోలేదు. జాషువా అన్న ఆగి, విని, అందుకున్నాడు.

"మా సార్ తప్పినచోట గట్లనే ఒత్తి చెప్పేటోడు," అన్నాడు.

నాలుగోసారి పెడితే టెనార్ ఒక్కటే ఉంది. ఆ తర్వాత ఎన్నిసార్లు పెట్టినా అంతే.

సాయంత్రం గదిలో కూర్చుని ఒక్కో కారణాన్నీ కొట్టేసుకుంటూ వచ్చాను. ఫైలును లాప్‌టాప్‌లోకి ఎక్కించి విన్నాను. ఒక్క గొంతే. ఆ ప్లేయర్ మోనోలో రికార్డు చేస్తుంది. రెండు వైపులా ఒకే శబ్దం కాబట్టి, ఒక వైపు దాగిన స్వరం ఇంకోలా బయటపడే అవకాశం లేదు. ప్లేయర్‌లోని మిగతా ఫైళ్ళన్నీ విన్నాను, ఈ పాట బేస్ ఎక్కడా లేదు. మధ్యలో రేడియో చొరబడిందనుకుందామంటే ఏ స్టేషన్ మాస్టారి పాటను ఆయన గొంతుతోనే వేస్తుంది? స్టీరియోలో పాత క్యాసెట్ ఇరుక్కుందేమోనని టార్చి వేసి చూశాను. ఖాళీ.

మిగిలింది నా ఫోన్ రికార్డింగ్. అందులో కూత లేదు. టెనార్ స్పష్టంగా ఉంది. టీచరమ్మ మాట ఉంది. జాషువా అన్న పాడటం, తప్పడం, ఆగడం, సరిచేసుకోవడం అన్నీ ఉన్నాయి. ఆయన ఆగి విన్నచోట మాత్రం టెనార్ తప్ప ఏమీ లేదు.

ల్యాబ్‌లో నా పక్క టేబుల్ శ్రీకాంత్‌కు వినిపించాను. వాడు నాకంటే మొండి.

"ఆ అన్న గన్నేండ్లు సార్ పక్కన పాడిండు. సార్ ఎట్ల కడతడో ఆయనకు ఎరుకే. ఆయన పాడుతుంటే మీకు ఇంకో గొంతు ఉన్నట్టు అనిపించింది, గంతే," అన్నాడు.

మంచి వివరణే. నేనైనా అదే చెప్పేవాణ్ని. కానీ టీచరమ్మ పెంచమని అడిగినప్పుడు జాషువా అన్న ఇంకా నోరు తెరవలేదు. ఆ క్రమం రికార్డింగ్‌లో అలాగే ఉంది. రెండోసారి విన్నాక శ్రీకాంత్ ఇయర్‌ఫోన్స్ తీసి నా చేతికిచ్చాడు.

ఆదివారం ప్రాక్టీసులో జాషువా అన్న మిగతా బేస్ పాడేవాళ్ళకు ఆ స్వరం నేర్పాడు. పెద్దలు విని ఒప్పుకున్నారు. ఈస్టర్ నాడు బ్యూలా అక్క ముందు నిలబడింది. నేనూ వెళ్ళాను, వెనక గోడ దగ్గర నిలబడి విన్నాను. నాలుగు గొంతులూ ఎక్కడా ఒకదాన్నొకటి రాసుకోలేదు. సంగీతం నాకు తెలియదు గానీ, లెక్క సరిపోయినప్పుడు తెలుస్తుంది.

స్టీరియోను మళ్ళీ ఒకసారి విప్పి చూస్తానని టీచరమ్మను అడిగాను. వద్దన్నారు. ఎందుకని నేను అడగలేదు.

నేను చర్చికి వెళ్ళేవాణ్ని కాను, పాటలు పాడేవాణ్ని అంతకన్నా కాను. అయినా ఆ బేస్ స్వరం మొదటినుంచి చివరిదాకా నాకు నోటికి వచ్చు. మొన్న ల్యాబ్‌లో టంకం వేస్తూ నాకు తెలియకుండానే కూనిరాగం తీస్తుంటే, ఇదెవరు నేర్పిండ్రని శ్రీకాంత్ అడిగాడు. జాషువా అన్న అందుకోకముందే కారులో నేను దాన్ని ఒకసారి పూర్తిగా విన్నాను. ఎవరి దగ్గర విన్నానో వాడికి చెప్పలేకపోయాను. మీకూ చెప్పలేను.