ఫేబే తీసేసిన మాటలు

డెయిరీ ఫార్మ్ పేటలో ఫేబే దుకాణం తెలియని తెలుగువాళ్ళు లేరు. జిరాక్సు, లామినేషను, అర్జీలు, పెళ్ళికార్డులు, చర్చి పాటల కాగితాలు, తెలుగులో ఏది టైపు కావాలన్నా అక్కడికే రావాలి. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు గలగలా మాట్లాడేవాళ్ళు కావలసినంతమంది. రాయమంటే మాత్రం అందరికీ ఉన్నట్టుండి ఏవేవో పనులు గుర్తొస్తాయి. ఫేబే కూడా చదివింది హిందీ మీడియంలోనే. తల్లి మేరి ఒళ్ళో కూర్చోబెట్టుకుని బైబిల్లో వేలు పెట్టి నేర్పబట్టి నాలుగక్షరాలు వచ్చాయి. ఆ నాలుగక్షరాలే పాతికేళ్ళుగా ఆవిడ నడుం విరగ్గొడుతున్నాయి.

ఇప్పుడావిడకి నలభై తొమ్మిది. మెడ ఒక పక్కకి తిరిగితే రెండో పక్కకి తిరగదు. భర్త ప్రసన్న కుమార్‌ది వండూర్‌లో టూరిస్టు బోట్ల మీద పని. పొద్దున్నే పోయినవాడు ఇంటికొచ్చేసరికి చెప్పులు విడిచే ఓపిక కూడా ఉండదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, అన్నం తిని, పడుకుంటారు. అదీ సంసారం.

ఇక తండ్రి యేసురాజు. ఫీనిక్స్ బే నుంచి దీవులకు తిరిగే బోట్ల మీద ముప్పై నాలుగేళ్ళు వాటిని నడిపే సరంగుగా చేశాడు. ఆయన ఒక్క కేక వేస్తే జెట్టీ అవతలి కొసన బీడీ కాల్చుకునే పోర్టరు కూడా లేచి నిలబడేవాడట. అలాంటి మనిషికి నీటికాసుల జబ్బు పట్టుకుని నాలుగేళ్ళలో రెండు కళ్ళూ తినేసింది. మంచినీళ్ళకి ఒకర్ని అడగాలి, దొడ్లోకి పోవడానికి ఒకర్ని అడగాలి, టైమెంతయిందో ఒకర్ని అడగాలి. అడగడమంటే ఆయనకు చచ్చేంత నామోషీ. అడగలేక దాహంతో కూర్చున్న పూటలున్నాయని ఫేబేకి తెలుసు. ఇంట్లో ఒంటరిగా ఉంచలేక రోజూ చెయ్యి పట్టుకుని దుకాణానికి తెచ్చి, జిరాక్సు మిషను పక్కన కుర్చీలో కూర్చోబెట్టేది.

అలా ఉండగా వచ్చింది ఈ ఆటల పని. హైదరాబాద్‌లో ఒక కంపెనీ, అందులో పద్మిని అనే అమ్మాయి. నూరేళ్ళు దాటిన నవలలను నలభై ఏళ్ళ కిందట ఎవరో కంప్యూటరు ఆటలుగా మలిచారట. అలాంటివి ఐదు కలిపి ఒకే కట్టగా ఇప్పుడు ఫోన్లలోకి తెస్తున్నారు. కొండ కింద రాజ్యం, శాపం తగిలిన రాణి, మాట్లాడే గుర్రం, అలాంటి కథలు. బొమ్మలు లేవు, అంతా మాటలే. ‘మీరు గుహలో ఉన్నారు, ఎదురుగా తలుపుంది’ అంటుంది ఆట. ఏం చెయ్యాలో మనం చెప్పాలి. పూర్వం టైపు చేసేవారట. ఇప్పుడు నోటితో చెబితే ఫోనే వింటుంది, జవాబు పైకి చదువుతుంది. దాని మాటలన్నీ తెలుగులో పెట్టడం ఫేబే పని.

మొదటి ఆట పంపింది. పద్మిని ఫోన్లో నవ్వాపుకోలేకపోయింది. “ఫేబే గారూ, ‘ఇదిగో ద్వారము తెరువబడెను’ ఏంటండీ! గుహలోకి వెళ్తే చర్చిలోకి వెళ్ళినట్టుంది.” నిజమే మరి. ఆవిడకి మాట్లాడే తెలుగు ఒకటి, రాసే తెలుగు ఒకటి. రాసేదంతా బైబిల్లోంచి వచ్చిందే. సిగ్గుపడి, మళ్ళీ మొదటి నుంచి తిరగరాసింది. మూడు నెలలు పట్టింది. తల ప్రాణం తోకకొచ్చింది.

పరీక్షగా చూసుకోమని ఒక నకలు ఆవిడ ఫోన్లో వేశారు. అది పైకి మాట్లాడేసరికి యేసురాజు చెవులు రిక్కించాడు.

“ఎవులే అది?”

“ఆట నానా. తలుపు కాడున్నావంట, ఏటి చేస్తావని అడుగుతంది.”

“ఇలాగియ్యి.” ఫోను నోటి దగ్గర పెట్టుకుని, సరంగు గొంతుతో, “దర్వాజా ఖోలేయ్!” అన్నాడు.

“మీరన్నది అర్థం కాలేదు. మరోలా చెప్పండి,” అంది ఆట.

ముసలాయనకి ఒళ్ళు మండింది. “ఏటే! తెలుగులోనే గదా మాటాడతన్నాను. ఈ ముండకి సమజ్ అవ్వదేటి?”

ఫేబే పడీపడీ నవ్వింది. అంతగా నవ్వి ఎన్నాళ్ళయిందో. ఆటకి అర్థమయ్యే మాటల జాబితా ఒకటుంటుంది, అది నింపేదీ ఆవిడే. ‘తెరువు’ పక్కన ‘ఖోలేయ్’ చేర్చింది. మర్నాడు తలుపు తెరుచుకుంది. అక్కణ్ణుంచి ఆయన నోట ఏ మాట వస్తే ఆ మాట రాసుకోవడం, జాబితాలో చేర్చడం. ఎత్తడానికి ఉఠాయించు, వెలిగించడానికి జలాయించు, పట్టుకోవడానికి పకడాయించు. ఎల్లు, ఇను, ఇప్పు, ఎలిగించు. నలభై మూడు మాటలయ్యాయి.

యేసురాజు మారిపోయాడు. ఆటలో ఆయన ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. దీపం ఆయనే వెలిగించుకుంటాడు, దారి ఆయనే వెతుక్కుంటాడు. జిరాక్సుకొచ్చిన గవరమ్మతో, “నిన్న కొండ దాటీసాను. మూడు దర్వాజాలు, ఒక్కడినే,” అన్నాడు. గవరమ్మ పాపం, పెద్దాయనకి మతి చెడిందేమోనని ఫేబే వైపు చూసింది. ఫేబేకి మాత్రం కడుపు నిండిపోయింది. నాలుగు నెలల్లో రెండు ఆటలు తనంతట తనే ముగించేశాడు.

ఐదో ఆట కూడా రాసి పంపాక పద్మిని ఫోను చేసింది. గొంతులో నవ్వు లేదు.

“ఫేబే గారూ, మాటల జాబితాలో ఈ హిందీ అంతా ఏంటండీ? హిందీకి వేరే టీముంది.”

“అది మా తెలుగు మేడమ్. ఇక్కడ అందరం ఇలాగే మాట్లాడతాం.”

“ఉఠాయించు అనే మాట తెలుగులో లేదండీ.”

ఫేబే సాధారణంగా ఎదురు చెప్పే మనిషి కాదు. ఆ రోజు చెప్పింది. “దబాయించు ఉంది కదా మేడమ్? ఉడాయించు, బనాయించు? అవి ఎక్కడి నుంచి వచ్చినాయి?”

“అవి డిక్షనరీలో ఉన్నాయండీ,” అంది పద్మిని. “పైగా అక్షరదోషాలు కూడా చాలా ఉన్నాయి. వెళ్ళుకి ఎల్లు, విప్పుకి ఇప్పు అని పడింది.”

దోషాలట. మూడు తరాలుగా, శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఓడెక్కి వచ్చిన తాత దగ్గర్నుంచి, ఇంట్లో పలికిన పలుకు దోషమట. “ఉండనిస్తే ఎవరికి నష్టం మేడమ్? మా నాన్నగారికి చూపు లేదు, ఆయన...”

“నాకు తెలుసండీ. నా చేతిలో ఉంటే ఉంచేదాన్ని. పైవాళ్ళు ఒప్పుకోరు. శుక్రవారం లోపు మీరు తీసెయ్యకపోతే మొత్తం పని ఇంకొకరికిచ్చి మళ్ళీ రాయిస్తారు.”

పద్మిని చెడ్డది కాదు. చెడ్డదైతే తిట్టుకోవడానికైనా ఉండేది. ఫేబే రెండు రోజులు ఆ జాబితా తెరవడం, మూసెయ్యడం. కంపెనీకి ఒక ఉత్తరం రాసింది. రాసింది చదువుకుంటే మళ్ళీ బైబిల్లాగే ఉంది, పంపలేదు. శుక్రవారం మధ్యాహ్నం తండ్రి పక్కన కునుకు తీస్తుండగా ఒక్కొక్క మాటా చెరిపేసింది. పోరాడాలంటే ఒంట్లో ఓపికుండాలి. అది లేదు. అంతకంటే వేరే కారణం చెబితే అబద్ధమవుతుంది.

పరీక్ష నకలు కంపెనీవాళ్ళు తీసేశారు. “ఆట ఏదే?” అని యేసురాజు రోజూ అడిగేవాడు. “వస్తుంది నానా,” అనేది. నాలుగు నెలలు అడిగాడు.

జూన్‌లో ఆటల కట్ట విడుదలైంది. బయట హోరున వాన, దుకాణంలో కరెంటు లేదు, గిరాకీ లేదు. ఇంక దాచడం చేతకాక ఫేబే ఫోను ఆయన చేతిలో పెట్టింది. మూడో ఆట. “మీరు సముద్రం ఒడ్డున ఉన్నారు. పడవ తాడుతో కట్టి ఉంది. దూరాన తుఫాను,” అంది ఫోను.

యేసురాజు మొహం వెలిగిపోయింది. “నాకా సెప్తన్నావు!” అని కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. “రస్సీ ఖోలేయ్!”

“మీరన్నది అర్థం కాలేదు. మరోలా చెప్పండి.”

“రస్సీ ఖోలేయ్.”

“మీరన్నది అర్థం కాలేదు.”

ఈసారి ఆయనకి కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. “నన్ను మర్సిపోనాదేటే ఇది?” అన్నాడు, చిన్న గొంతుతో.

“అది మరిచిపోలేదు నానా. నేనే తీసేసినాను నీ మాటలు. కంపెనీవాళ్ళు వద్దన్నారు.”

“సరిలే,” అన్నాడాయన. “మరి ఏటనాలో సెప్పు, అలాగే అంటాను.”

“తాడు విప్పు అను.”

“తాడు ఇప్పు.”

“మీరన్నది అర్థం కాలేదు,” అంది ఫోను.

“వి, నానా. విప్పు.”

“అదే గదే అన్నాను. ఇప్పు.”

మళ్ళీ అన్నాడు. బడిలో పిల్లాడిలా నెమ్మదిగా, పెదాలు కూడదీసుకుని అన్నాడు. డెబ్బై ఆరేళ్ళ నాలుక, ఎక్కడికి పోతుంది? ఇప్పు అనే వచ్చింది. ఆట మరోలా చెప్పమంది. ఆయన గాలిలో తడుముకుని, కూతురి చెయ్యి దొరకబుచ్చుకుని ఫోను అందులో పెట్టేశాడు.

ఫేబే కళ్ళనీళ్ళు తుడుచుకుని, “తాడు విప్పు,” అంది. దానికి ఒక్కసారికే అర్థమైంది. తాడు వీడిందని, పడవ కదిలిందని చదివింది.

“కదిలింది నానా. ఇటు కూచో, నువ్వు చెప్పు, నేనంటాను.”

“వద్దులేమ్మా,” అన్నాడు సరంగు. “నువ్వు నడుపు. నానిక్కడ కూకుంటాను.”