ముధోల్ కుక్క

ముధోల్ జాతి కుక్కను చూసి ‘పాపం, తిండి పెట్టట్లేదా?’ అని అడిగేవాళ్లంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దాని పక్కటెముకలు కనబడాలి. నడుము సన్నగా లోపలికి పోయి ఉండాలి, ఛాతీ మాత్రం లోతుగా దిగి ఉండాలి. అది పరిగెత్తడానికి పుట్టింది, మన జాలి తిని బతకడానికి కాదు. తొంభైల్లో ఈ మాట, నేను వలస పోయి పనిచేసిన ఖటోదరాలో, మా సేఠ్‌కి చెప్పాను, కాకాకి చెప్పాను. ఒక్కరూ చెవిన పెట్టలేదు.

అప్పుడు నాకు పాతికేళ్లు. మరమగ్గాల షెడ్డులో రోజుకు పన్నెండు గంటల పని. కాకా అంటే సొంత బాబాయి కాదు. మా జిల్లా మనిషి, మొదటి రోజు నుంచీ నన్ను పక్కన నిలబెట్టుకుని సాంచా, అంటే మరమగ్గం, నడపడం నేర్పినవాడు.

షెడ్డులో నూలు కోన్లు మాయమవుతున్నాయని సేఠ్ కాపలాకు ఒక వేటకుక్కను తెప్పించాడు. పట్టుకొచ్చినవాడు తలపాగా చుట్టిన గొర్రెల కాపరి. “ముధోల్ సే లాయా” అన్నాడు. అంతే, కాకా ముఖం వెలిగిపోయింది. మాకు తెలిసిన ముధోల్ ఒక్కటే, మన బాసర దగ్గరిది. ఆయన అత్తగారి ఊరు దాని పక్కనే.

“అరె, మనోళ్ల కుక్కనా! ముధోల్ల నీది ఏ వాడనే?” అని తెలుగులో పలకరించాడు. కాపరి తెల్లముఖం వేశాడు.

“చూసినవా, నాలుగూర్లు తిరిగి మన మాటనే మర్చిండు” అని కాకా నొచ్చుకున్నాడు.

ఆ ముధోల్ కర్ణాటకలోదని నాకు చాలా తర్వాత తెలిసింది. ఎప్పుడో అరబ్బు, అఫ్గాన్ దేశాల నుంచి వ్యాపారుల బిడారుల వెంట దక్కనుకు వచ్చిన జాతి అట, అందుకే కార్వానీ అని కూడా అంటారు. అక్కడి రాజు ఒకాయన ఏరికోరి పెంచాడట. ఇవేవీ తెలియక, ఊరి నుంచి ఆడబిడ్డ వచ్చినట్టు షెడ్డంతా సంబరపడింది.

కాపరి వెళ్లేముందు నన్ను పక్కకు పిలిచి వచ్చీరాని హిందీలో చెప్పాడు. దీన్ని కట్టేసి ఉంచొద్దు, రోజూ పరిగెత్తనివ్వాలి. కానీ కడుపు నిండా పెట్టి పరిగెత్తిస్తే లోపల మెలిపడి చచ్చిపోతుంది. ఆ మాట చెప్పేటప్పుడు నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

దాని బాగోగులు సేఠ్ నాకే అప్పగించాడు. పనికి ముందు సైకిల్ పక్కన తాపీ నది ఒడ్డుకు తీసుకుపోయేవాణ్ణి. అది మిగతా కుక్కల్లా నేల వాసన చూస్తూ తిరగదు. తల ఎత్తి దూరంగా చూస్తుంది. ఇసుకలో ఎక్కడో కొంగ కదిలితే చాలు, తాడు వదిలేలోగా నా భుజం ఊడిపోయేది. తిరిగొచ్చి నా తొడ మీద తల పెట్టి రొప్పేది. షెడ్డు మోతలో మాత్రం మూలకు ముడుచుకుని వణికేది. కొత్తవాళ్లు చెయ్యి వేయబోతే పక్కకు జరిగేది తప్ప మొరిగేది కాదు.

“భౌంకతా భీ నహీ! ఖోటా మాల్!” మొరగనే మొరగదు, నకిలీ సరుకు అని సేఠ్ దాన్ని గేటు దగ్గర ఇనుప స్తంభానికి గొలుసుతో కట్టించాడు. మరమగ్గం కొని పిండి రుబ్బలేదని తిట్టినట్టుంది ఆయన తెలివి. గొలుసు విప్పమని రెండుసార్లు అడిగాను. నీ పని నువ్వు చూసుకో అన్నాడు.

ఒక సెలవు రోజు పొద్దున కబురొచ్చింది. సేఠ్ ఇంటికి చుట్టాలొచ్చారు, హజీరా రోడ్డు పక్క బీడులో వాళ్లకు కుక్క పరుగు చూపించాలట. నేను షెడ్డుకు వెళ్లేసరికి కాకా దాని ముందు కూర్చుని ఉన్నాడు. పెద్ద బేసిన్ ఖాళీగా ఉంది.

“బొక్కలు తేలినయ్‌రా దీనికి. మన ఊరి పిల్ల గిట్ల ఎండుతుంటే నా పానం ఒప్తలేదు. బువ్వల మటన్ షోర్వా కలిపి పెట్టిన, మొత్తం తిన్నది” అన్నాడు, మురిసిపోతూ. కాకా అక్కడే ఉండిపోయాడు. సేఠ్ మనుషులు నన్నూ కుక్కనూ టెంపోలో ఎక్కించుకుపోయారు, ఎక్కడికో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

బీడులో సేఠ్ దగ్గరకు వెళ్లి, ఇప్పుడే తిన్నది, ఇవాళ వద్దని బతిమాలాను. ఆయన చుట్టాల వైపు చూసి నవ్వాడు, నువ్వు పనివాడివి, డాక్టరువి కాదు, వదులు అన్నాడు. “తూ కారీగర్ హై, డాక్టర్ నహీ. ఛోడ్!”

ఉద్యోగం పోతుందని భయపడ్డాను. తాడు వదిలాను.

అది ఎంత అందంగా పరిగెత్తిందో చెప్పడానికి కూడా నాకు సిగ్గుగా ఉంది. చుట్టాలు చప్పట్లు కొట్టారు. మళ్లీ అన్నారు, మళ్లీ వదిలాను. షెడ్డుకు వచ్చేసరికి కాకా లేడు, కుక్క పొట్ట డోలులా బిగిసింది. కక్కబోయేది, నురగ తప్ప ఏమీ వచ్చేది కాదు. “గ్యాస్ హై, సోడా పిలా” అని సేఠ్ కారెక్కి వెళ్లిపోయాడు. ఆటోలో పశువుల డాక్టరు దగ్గరకు మోసుకుపోతే తలుపుకు తాళం. తిరిగి వస్తుండగా ఆటోలోనే నా ఒడిలో ప్రాణం పోయింది.

గేటు దగ్గర కాకా ఎదురొచ్చాడు. “ఏమైందిరా దీనికి?”

“నువ్వే సంపినవ్ కాకా! బాగ పెట్టకు, పెట్టకు అని ఎన్నిసార్లు చెప్పిన?” అని అందరి ముందూ అరిచాను. ఆయన చేతులు రెండూ చూసుకుంటూ అక్కడే కూలబడ్డాడు.

మర్నాడు సేఠ్ కుక్క ఏదని అడిగితే, చేతులు కట్టుకుని “మర్ గయా సేఠ్” అన్నాను. అంత కోపమూ ఆ ముసలివాడి మీద అరవడానికే సరిపోయింది. కాకా పోయేదాకా దాన్ని తానే చంపానని నమ్మాడు. ఆ రోజు తిన్న వెంటనే నేను దాన్ని పరిగెత్తించానని ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.